ఆరుగురు ఎక్కడున్నారో చెప్పే పేజీ

ఆ వెబ్‌సైట్ చేసింది నేను. ఈ మాట ఇంకెక్కడా రాసి లేదు కాబట్టి ఇక్కడ మొదట రాస్తున్నాను. మా సంఘంవాళ్లు హిమాలయాల్లో ఒక శిఖరం ఎక్కి వచ్చాక హన్మకొండలో సన్మాన సభ జరిగింది. వెబ్‌సైట్ పేరు మీద శాలువా మడికొండ ఐటీ పార్కులోని ఒక కంపెనీవాళ్లకు కప్పారు. నాకు మూడో వరుసలో కుర్చీ వేశారు. దానికి ఒక పక్క చెయ్యి విరిగి ఉంది. నాకు జరిగినవి నాకు గుర్తుంటాయి. గుర్తుపెట్టుకోవడం మంచి గుణం కాదని మా అక్క అంటుంది. ఆమె ఏదీ గుర్తుపెట్టుకోదు, అందుకే ఆమె రేషన్ కార్డు మీద ఇప్పటికీ ఇంకెవరి ఇంటి నంబరో ఉంది.

నేను ఒక జూనియర్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూస్తాను. ఆదివారాలు గుట్టలెక్కే సంఘంలో పదకొండేళ్లుగా ఉన్నాను. ధర్మసాగర్ చెరువు వెనక రాతిగుట్టల్లో నా చేయి పడని బండ తక్కువ. శిఖరానికి ఆరుగురిని పంపాలని సంఘం అనుకున్నప్పుడు నా పేరు రాలేదు. మోకాలు సహకరించదని డాక్టరు రాసిచ్చాడు. అది నేను ఒప్పుకున్నాను. మోకాలు నాది, తప్పు దానిది.

ఒప్పుకోనిది ఆ తర్వాత మీటింగులో జరిగింది. యాత్రకు ఒక వెబ్‌సైట్ కావాలని, అది నేను చేస్తానని లేచి చెప్పాను. మా అధ్యక్షుడు రిటైరైన లెక్చరర్. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు.

"మేడం, గది మీతోని అయ్యే పని కాదు. ప్రొఫెషనల్ పని. మా అల్లుడి దోస్తులు మడికొండల కంపెనీ పెట్టిండ్రు, ఆళ్లు చూస్తరు. మీరు సెండాఫ్ నాడు నిమ్మకాయ నీళ్లు చూసుకోండ్రి."

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఎంతసేపు నవ్వారో చెప్పగలను. ఆ ఆరుగురి దరఖాస్తులు, మెడికల్ సర్టిఫికెట్లు, కొండ ఎక్కే అనుమతి కాగితాలు, ఏ రోజు ఏ క్యాంపులో ఉంటారో చెప్పే ప్రణాళిక అన్నీ అప్పటికే నేను టైప్ చేసి పెట్టాను. అది మాత్రం నాతో అయ్యే పనే అయింది.

ఆరుగురిలో చిన్నది ఒక నర్సు అమ్మాయి. వర్ధన్నపేట దాటాక ఒక ఊరు వాళ్లది. తల్లి కూలికి పోయి ఒక్కతే పెంచింది. ఆ అమ్మాయి బండ మీద నడిస్తే చూడాలి. తొందరపడదు, ఆగదు. తల్లికి మాత్రం ఈ యాత్ర ఇష్టం లేదు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. మూడు రోజులు బిడ్డ కబురు తెలియకపోతే వాపసు రమ్మంటుంది, రమ్మన్నప్పుడు ఎంత ఎత్తు మీద ఉన్నా రావాలి. కూతురు బైబిల్ మీద చెయ్యి పెట్టి సరేనంది. వాళ్లింట్లో ఆ మాట ఇచ్చాక తిరుగుండదు.

ఆ తల్లి ఒక ఆదివారం చర్చి అయిపోగానే బస్సెక్కి మా మీటింగుకు వచ్చింది.

"సారూ, నా బిడ్డ ఏడున్నదో నాకెట్ల ఎరుకైతది?"

"వెబ్‌సైట్ పెడ్తానం కద అవ్వా," అన్నాడు అధ్యక్షుడు. "నీ ఫోన్ల రోజూ చూసుకోవచ్చు. ఫికర్ చెయ్యకు."

ఇంకో నియమం కూడా ఆయనే పెట్టాడు. కొండల్లోకి పోయాక ఆరుగురూ ఎవరింటికి వాళ్లు కబుర్లు పంపితే ఆరు రకాల కథలు పుడతాయి కాబట్టి వార్త ఒక్క చోటికే, అంటే ఆయన ఫోనుకే రావాలి. అక్కడి నుంచి వెబ్‌సైట్‌లోకి ఎక్కుతుంది. నియమం మంచిదే. కానీ ఆ ఒక్క చోటు ఆయన.

తర్వాత నాలుగు మీటింగులు ఆ వెబ్‌సైట్ మీదే నడిచాయి. నాలుగింటిలోనూ ఒకటే చర్చ, ఎవరి ఫోటో పైన ఉండాలి. మా దగ్గర ఏ పని మొదలుపెట్టినా ముందు ఫ్లెక్సీ కడతాం. ఫ్లెక్సీకి ఒక లెక్క ఉంటుంది. పైన ముఖ్య అతిథి, దండం పెడుతూ. కింద ఎడమ పక్క గౌరవాధ్యక్షుడు, కుడి పక్క అధ్యక్షుడు. వాళ్ల కింద ఉపాధ్యక్షులు, తలకాయలు ఒకే సైజులో ఉండాలి, లేకపోతే అలుగుతారు. మా వాళ్లు వెబ్‌సైట్‌ను కూడా ఫోన్‌లో కనబడే ఫ్లెక్సీ అనుకున్నారు. మూడో మీటింగులో నేను లేచి, చూసేవాళ్లు ముందు ఏం వెతుకుతారని అడిగాను. "సూచన నమోదు చేసుకోవడమైనది" అని మినిట్స్‌లో రాశారు. ఆ పేజీ జిరాక్స్ నా దగ్గర ఉంది.

ప్రారంభోత్సవం ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. ముఖ్య అతిథి బటన్ నొక్కాడు. తెర మీద ఒక సున్నా గుండ్రంగా తిరిగింది. చప్పట్లు కొట్టినవాళ్లు కొట్టి కొట్టి ఆపేశారు. సున్నా ఇంకా తిరుగుతోంది. చివరికి ముఖ్య అతిథి మొహం వచ్చింది, ముందు నుదురు, తర్వాత కళ్లు, తర్వాత మీసం. ఆయన కింద మిగతా పెద్దలు వరసగా దిగారు. శుభాకాంక్షలు ఎర్ర అక్షరాల్లో అడ్డంగా పరుగెత్తాయి.

నర్సు తల్లి చివరి వరుసలో నా పక్కన కూర్చుంది. గట్టిగానే అడిగింది.

"నా బిడ్డ ఏది?"

"కిందికి పోవాలె అవ్వా," అన్నాడు కంపెనీ మనిషి మైకులో.

"ఇంకెంత కిందికి?"

హాలంతా నవ్వింది. ఆరుగురూ అట్టడుగున చింతగింజలంత ఉన్నారు. ఆమె మొహం మాడిపోయింది. నేను మంచినీళ్లు తెచ్చిచ్చి, నా నంబరు ఆమె ఫోన్‌లో ఎక్కించాను. ఎవరూ నన్ను అడగలేదు. అడిగి ఉంటే నిమ్మకాయ నీళ్లు తెమ్మని ఉండేవాళ్లు.

కాజీపేటలో రైలెక్కించాం. రైల్లోంచి, తర్వాత కొండల కింది పట్నంలోంచి అమ్మాయి తల్లికి ఫోన్ చేసింది. అక్కడితో ఫోన్లు ఆగిపోయాయి. రెండు రోజులు నడిస్తే ఒక చివరి ఊరు వస్తుంది. అక్కడొక టీ కొట్టతని ఫోన్ ఒక్కటే పనిచేస్తుంది, అదీ మాట నిలబడదు, మెసేజ్ మాత్రం పోతుంది. ఆ ఊళ్లో మూడు రోజులు ఉండి చలికి అలవాటుపడి, అప్పుడు మంచు మీదికి పోతారు. ఆ ఊరు దాటితే వెనక్కి పిలవడం ఎవరివల్లా కాదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆ తల్లి మా ఇంటికి వచ్చింది. దసరా సెలవులు మొదలయ్యాయి, నేను ఇంట్లోనే ఉన్నాను. వాకిట్లో నిలబడే ఫోన్ నా ముందు పెట్టింది. సున్నా తిరుగుతోంది.

"మూడు దినాలైతాంది అక్కా. గిది తిరుగుతనే ఉన్నది. ఒక్కపారి తెరుచుకుంటే గాయన మీసాల మొకమే కానొచ్చింది. నా బిడ్డ కానొస్తలేదు."

అధ్యక్షుడికి ఫోన్ చేశాను. కబురు ముందురోజే వచ్చిందట. ఆరుగురూ చివరి ఊరు చేరారు, బాగున్నారు. ఆయన కంపెనీకి పంపాడు. కంపెనీవాళ్లు రైలు దగ్గర జెండా ఊపిన ఫోటోలు ముందు పెట్టి, తర్వాత వార్త పెడదామని ఆగారు. ఆ ఫోటోల్లో ఎవరు ముందుండాలో ఇంకా తేలలేదు.

"విన్నవు కద చెల్లె, మంచిగున్నరట," అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "నీ మాట కాదంటలేను. కని నువ్వొక్కదానివి చెప్తే, నన్ను ఊకోబెట్టెటందుకు చెప్పినవనుకుంట. సారు చెప్పినా గంతే. పది మంది చూసేకాడ రాసిపెడితె అబద్ధం రాయరు. నాకు రాసింది కావాలె. ఎల్లుండి పొద్దుగాల ఆళ్లు మంచు మీదికి పోతరట. రేపటి మాపటికల్ల నా ఊర్ల, నా ఫోన్ల కానరాకుంటె వాపస్ రమ్మని కబురు పెట్టుమంట. అది వస్తది. అన్నమాట తప్పది."

వెబ్‌సైట్ దేనికో ఆ నాలుగు మీటింగుల్లో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆమె వాకిట్లో నిలబడి చెప్పింది.

ఆమెను కూర్చోబెట్టి అన్నం పెట్టి, నా పాత ల్యాప్‌టాప్ తెరిచాను. టీ కొట్టతని నంబరు నేను టైప్ చేసిన కాగితాల్లోనే ఉంది. వరంగల్‌లో పుట్టి పెరిగినదాన్ని, సగం ఉర్దూ సగం హిందీతో అతనికి మెసేజ్ పెట్టాను. వచ్చిన ప్రతి కబురూ నాకు కూడా పంపమన్నాను, ఈ పూట ఆరుగురూ ఏం తిన్నారో కూడా రాయమన్నాను. గంటలో జవాబు వచ్చింది. కిచిడీ తిన్నారు. ఒకరికి తలనొప్పి వచ్చి తగ్గింది. నర్సు అందరికీ నాడి చూస్తోంది.

పేజీ పైన "మనోళ్లు ఏడున్నరు" అని పెద్ద అక్షరాల్లో పెట్టాను. మొదటి వాక్యం, ఈ రోజు ఎక్కడున్నారు. రెండోది, ఆరుగురూ ఎలా ఉన్నారు. మూడోది, ఏం తిన్నారు. తర్వాత, మళ్లీ కబురు ఎప్పుడు వస్తుంది. కింద నేను గీసిన దారి బొమ్మ. పూర్తిచేసి ఆమె ఫోన్‌లో తెరిచాను.

"గా బొమ్మ తియ్యి," అంది.

"దారి తెలుస్తది కదా."

"అది వచ్చేదాక మాట వస్తలేదు. దారి నేను పోతనా? తలనొప్పి ఎవలకో రాయి."

"పేరు రాస్తె ఆళ్లింట్ల భయపడరా?"

"పేరు రాయకుంటె ఆరిండ్లళ్ల భయపడరా?"

బొమ్మ తీసేశాను. టీ కొట్టతన్ని అడిగి పేరూ రాశాను. తలనొప్పి ఆరుగురిలోని బ్యాంకు క్యాషియర్‌కు వచ్చింది, తగ్గింది, కిచిడీ రెండోసారి పెట్టించుకున్నాడు. ఆమె ఆ వాక్యం రెండుసార్లు చదివి, మొదటిసారి కొంచెం నవ్వింది. "గిప్పుడు నమ్ముతా," అని బస్సుకు పోయింది.

పొద్దున్నే ఫోన్ చేసింది.

"ఇంట్ల రాలే అక్కా. చర్చి మెట్ల మీద కూసుంటె వచ్చింది."

"ఎంత సేపు పట్టింది?"

"పరలోక ప్రార్థన సగమయింది."

సగం ప్రార్థన ఎక్కువే అనిపించింది. రంగులు తీసేశాను, అలంకారపు అక్షరాలు తీసేశాను, పేజీలో మాటలు తప్ప ఏమీ మిగల్చలేదు. మళ్లీ తెరవమన్నాను. ఈసారి కళ్లు మూసుకునేలోపే వచ్చిందట. పట్నంలో కూర్చుని వేగమైన ఫోన్‌లో చూసుకునేవాళ్లకు ఈ పరీక్ష తట్టదు.

"పోనీయి అక్కా," అంది. "మంచు మీదికి పోనీయి."

ఆ మాటను నేను ఆ రోజే టీ కొట్టతనికి పంపాను. మర్నాడు పొద్దున ఆరుగురూ చివరి ఊరు దాటారు. ఇక మీద బేస్ క్యాంపు నుంచి ఒక కూలీ రెండు రోజులకొకసారి కిందికి దిగి కబురు తెస్తాడు. అది కూడా పేజీలో రాశాను, ఎందుకు రోజూ రాదో చెప్పి.

నేను ఎవరికీ ప్రచారం చేయలేదు. తల్లి చర్చిలో ఆడవాళ్లకు చూపించింది. వాళ్లు పత్తి చేలల్లో చూపించారు. మిగతా ఐదు ఇళ్లకు ఎవరు పంపారో తెలియదు, నాలుగు రోజుల్లో అందరూ నా పేజీయే చూస్తున్నారు. క్యాషియర్ భార్య ఫోన్ చేసి, ఆయన మందు వేసుకుంటున్నాడో లేదో కూడా రాయొచ్చా అని అడిగింది. అప్పుడు అధ్యక్షుడికి తెలిసింది.

"మేడం, ఎవల పర్మిషన్ తీసుకున్నరు? సంఘం పేరు మీద..."

"సంఘం పేరు పెట్టలే సార్. చూసుకోండ్రి. మీ పేరు కూడ పెట్టలే."

వివరణ కోరుతూ ఉత్తరం పంపాడు. పదకొండు అంశాలతో జవాబు రాసి రిజిస్టర్ పోస్టులో పంపాను. మొదటి అంశం నిమ్మకాయ నీళ్లు. మూడోది మినిట్స్ జిరాక్సు. చివరిది, పేజీ తీసేయమని సంఘం తీర్మానం చేస్తే, ఆరు కుటుంబాల సంతకాలు తెచ్చి చూపించమని. జవాబు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

శిఖరానికి బయలుదేరే ముందు, ఆరుగురికీ నాయకుడిగా పోయినతను కూలీతో కబురు పంపాడు. నాలుగు రోజులు ఏ వార్తా ఉండదు. అది చదివి చాలాసేపు ఆలోచించాను. వార్త లేదన్నది కూడా వార్తే, దాన్ని ముందే చెప్పాలి. ఇలా రాశాను: "సోమవారం నుంచి గురువారం దాకా కబురు రాదు. వాళ్లు మంచు మీద ఉంటారు, కిందికి దిగే మనిషి ఉండడు. కబురు రాకపోతే ఏదో జరిగిందని అనుకోవద్దు. శుక్రవారం సాయంత్రంలోగా రావాలి. చీకటి పడినా రాకపోతే, ఎవరిని పంపుతున్నారో ఇక్కడే రాస్తాం."

మూడు రోజుల షరతు ఉన్న తల్లికి నాలుగు రోజుల మౌనం. ఫోన్ చేశాను. ఆమె అప్పటికే చదివింది.

"చదివిన. నాలుగు దినాలని ముందుగాల్నే రాసినవు కద. చెప్పి ఊకున్నది వేరు, చెప్పక ఊకున్నది వేరు. శుక్కురారం దాక ఏమనను."

బుధవారం అధ్యక్షుడు మా ఇంటికి వచ్చాడు. పదకొండేళ్లలో మొదటిసారి. ముఖ్య అతిథి దగ్గర నుంచి, పత్రికల నుంచి ఫోన్లు వస్తున్నాయట, ఏం చెప్పాలో తెలియడం లేదట. ఆయన వెబ్‌సైట్‌లో అప్పటికీ జెండా ఊపిన ఫోటోయే ఉంది.

"ఆళ్లు ఏడున్నరు మేడం?"

"సైట్ చూడుండ్రి సార్."

"ఏ సైటు?"

ఆయన ఫోన్ తీసి, నేను చెప్పిన అడ్రసు ఒక్కో అక్షరం తన వేలితోనే కొట్టాడు. పేజీ వెంటనే వచ్చింది. చదివాడు. మళ్లీ చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, ఈసారి నవ్వలేదు. గుట్టల మీద ఆ ఆరుగురికీ తాడు కట్టడం నేర్పింది ఆయనే. అది కూడా నాకు గుర్తుంది, కాబట్టి రాస్తున్నాను.

"శుక్రవారం," అన్నాడు.

"శుక్రవారం," అన్నాను. టీ ఇచ్చాను. నిమ్మకాయ నీళ్లు ఇవ్వలేదు.

శుక్రవారం పొద్దున గడిచింది. మధ్యాహ్నం గడిచింది. తల్లి పనికి పోలేదు, చర్చి మెట్ల మీదే ఉంది. గంటకొకసారి ఫోన్ చేసి, "ఏమన్న?" అనేది. "లేదు చెల్లె" అనేదాన్ని. "మంచిది" అని పెట్టేసేది. మూడు తర్వాత ఫోన్ చేయడం మానేసింది. అదే నాకు కష్టమైంది. చీకటి పడితే ఏం రాయాలో కాగితం మీద రాసుకుని చించేశాను, మళ్లీ రాశాను.

నాలుగున్నర దాటాక టీ కొట్టతని మెసేజ్ వచ్చింది. "ఛే కే ఛే నీచే. చార్ చోటీ పర్ గయే. నర్స్ బేటీ భీ." ఆరుకు ఆరుగురూ కిందికి వచ్చారు. నలుగురు శిఖరం ఎక్కారు. నర్సు బిడ్డ కూడా ఎక్కింది.

ఆ కబురు అధ్యక్షుడికీ అందింది. నేను టైప్ చేస్తుండగానే ఫోన్ చేశాడు.

"మేడం, పైన 'శిఖరాగ్రంపై విజయకేతనం' అని పెట్టుండ్రి. దాని కింద ముఖ్య అతిథి అభినందన..."

"ముందు ఆరుగురూ కిందికి దిగిండ్రని పెడతాన సార్. ఎక్కని ఇద్దరి ఇండ్లళ్ల కూడ చూస్తాండ్రు."

"గట్లనే కానియ్యి," అన్నాడు. మేడం అనలేదు, అమ్మా అనలేదు, కానియ్యి అని ఏకవచనంలో అన్నాడు. దానికి నేను కోపం తెచ్చుకోలేదు. ముఖ్య అతిథి సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు.

"ఆరుగురూ క్షేమంగా క్యాంపుకు దిగారు." ఇది మొదటి వాక్యం. నలుగురు ఎక్కారని రెండోది. క్యాషియర్, ఇంకొకరు పై క్యాంపులో ఆగి, వచ్చేవాళ్ల కోసం నీళ్లు కాచి ఉంచారని, టీ కొట్టతన్ని అడిగి, మూడోది. పేజీ ఎక్కించి తల్లికి ఫోన్ చేయలేదు. రాసిందే ఆమెకు కావాలి.

ఆమే చేసింది. చుట్టూ ఆడవాళ్ల సందడి, చేల నుంచి వస్తున్నవాళ్లు ఆగినట్టున్నారు. ఎవరో "సదువు, మల్లొకపారి సదువు" అంటున్నారు. ఆమె నాకు కాదు, వాళ్లకు చదివి వినిపిస్తోంది. మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టింది. నేను రాసిన మాటలు ఆమె గొంతులో ఫోన్‌లోంచి నాకే వినపడ్డాయి. శిఖరం దగ్గరికి వచ్చేసరికి ఎవరో "ఎంత ఎత్తు ఉంటదే?" అని అడిగారు. "నాకేమెరుక," అంది, "దిగిందంట."

అక్కడితో పేజీ ఆపేయలేదు. తిరుగు ప్రయాణం కూడా రాశాను. పట్నం చేరారు, రైలెక్కారు, కాజీపేటలో దిగారు. తర్వాత ఒక్కొక్కరూ ఇల్లు చేరినప్పుడు ఒక్కో వాక్యం. క్యాషియర్ ఇల్లు చేరాడు. టీచర్ ఇల్లు చేరింది. అయిదు వాక్యాలు పడ్డాక ఆరోదాని కోసం ఆగాను. వర్ధన్నపేట బస్సు ఆలస్యమైంది.

చివరికి ఫోన్ మోగింది.

"ఇంటికొచ్చింది రాయి అక్కా. కాళ్లు కడుక్కుంటాంది. ముక్కు మీద తోలు లేసిపోయింది, గదొద్దు, గది రాయకు."

"ఇంటికొచ్చిందనే రాస్తాన. చూసుకో."

"ఇగ నాకెందుకు," అంది. "మనిషే ముంగటున్నది."